పదమూడు గంటల నలభై నిమిషాలు

అతని అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు. ఆఫీసులో అందరికీ అతను కొలబద్ద. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో దారి పటాలన్నీ కాగితాల మీదే ఉండేవి. పొడవాటి గాజులాంటి స్కేలొకటి చంకలో పెట్టుకుని తిరిగేవాడు. పటాలన్నీ కంప్యూటర్లలోకి వెళ్ళిపోయి పదిహేనేళ్ళయినా ఆ పేరు మాత్రం అతన్ని వదల్లేదు. అతనికీ దాని మీద కోపం లేదు సరికదా, లోపల్లోపల కాస్త గర్వం కూడా ఉండేది.

తను చేసే పనేమిటో చుట్టాలకు చెప్పడం మాత్రం ఎప్పుడూ కష్టంగానే ఉండేది. విమానాశ్రయంలో ఉద్యోగం అంటే "నడుపుతావా?" అని అడిగేవారు. కాదంటే "మరి సామాన్లెత్తుతావా?" అనేవారు. ఆ రెండింటికీ మధ్య ఇంకో పని ఉంటుందని ఎవరికీ తట్టేది కాదు. విమానం ఎగరకముందే, అది ఏ దారిన పోవాలి, ఎంత ఎత్తున పోవాలి, దారిలో ఎక్కడ ఏ గాలి తగులుతుంది, ఎన్ని గంటలు పడుతుంది, అన్ని గంటలకూ ఎన్ని టన్నుల ఇంధనం పోయించాలి, ఇదంతా లెక్కకట్టి కాగితం తయారుచేసి కింద సంతకం పెట్టేవాడొకడు నేల మీద కూర్చుని ఉంటాడు. కెప్టెన్ ఆ కాగితం చూసి, తనూ సంతకం పెట్టాకే విమానమెక్కుతాడు. ఇరవై రెండేళ్ళుగా కొలబద్ద సంతకాలు ఎంతమందిని సముద్రాలు దాటించాయో అతనే చెప్పలేడు. తను మాత్రం సరుకుల గోడౌను పైన మూడో అంతస్తులో, కిటికీ ఎప్పుడూ వేలెడు సందు తెరుచుకునే ఉండే గదిలో, మూడు తెరల ముందు కూర్చుని ఉండేవాడు.

అతనికో అక్క. అతనికంటే పదేళ్ళు పెద్దది. తల్లిదండ్రులు ఒకరి వెనక ఒకరు పోయేనాటికి అతనికి ఏడేళ్ళు, ఆమెకు పదిహేడు. ఆ పదిహేడేళ్ళ పిల్ల కుట్టుమిషను ముందు కూర్చుని తమ్ముణ్ణి పెంచింది, చదివించింది, ఓ ఇంటివాణ్ణి చేసింది. నాటకాల వాళ్ళకు బట్టలు కుట్టడంలో ఆమె పెట్టింది పేరు. రాజులకు కుట్టింది, సైనికులకు కుట్టింది, దయ్యాలకు కూడా కుట్టింది. "దయ్యాలే నయం రా, కొలతలు సరిపోలేదని గొడవ చెయ్యవు" అనేది. పెళ్ళి మాటెత్తితే, "ఉన్న ఒక్క మగపిల్లాడితోనే వేగలేక చస్తున్నాను, ఇంకొకణ్ణి తెచ్చుకోనా?" అని కొట్టిపారేసేది.

అలాంటి మనిషికి యాభై ఎనిమిదో ఏట దూరదేశంలోని నాటక పాఠశాల నుంచి కబురొచ్చింది. మూడు నెలలు వచ్చి తమ పిల్లలకు చేతికుట్టు నేర్పమని. ఉత్తరం చదివించుకున్న రోజు అక్క మొహం వెలిగిపోయింది. మర్నాటికి ఆ వెలుగు కాస్తా ఆరిపోయింది. అక్కడికి వెళ్ళాలంటే విమానమెక్కాలి మరి. ఆమె రెండో అంతస్తు వరండాలో కటకటాల దగ్గరికి కూడా వెళ్ళని మనిషి.

ఓ ఆదివారం తమ్ముడి ఇంటికొచ్చి, భోజనాలయ్యాక మెల్లగా కదిపింది.

"చిన్నా, ఎంత దూరంరా అది?"

"పదకొండు వేల రెండువందల నలభై కిలోమీటర్లు."

"అంత కచ్చితంగా ఎలా చెప్తావ్?"

అతను పిల్లల గదిలోంచి భూగోళం బొమ్మ తెచ్చి, దాని మీద దారం లాగి పట్టి చూపించాడు. దారం ఖండమంతా దాటి, నీలం రంగులోకి దిగి, ఆ నీలంలోనే చాలా దూరం పోయి అవతలి ఒడ్డున తేలింది. అక్క ఆ నీలాన్ని వేలితో తడిమింది.

"మరి ఎన్ని గంటలు?"

"పదమూడు గంటల నలభై నిమిషాలు."

"వచ్చేటప్పుడు?"

"పన్నెండు గంటల ఇరవై."

"అదేంట్రా, వెళ్ళేటప్పుడు దూరం ఎక్కువా?"

"దూరం అదేనక్కా. గాలి తేడా. వెళ్ళేటప్పుడు ఎదురొస్తుంది, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది."

"గాలి మాటేం నమ్ముతాం?"

"దానికీ లెక్కుంటుంది. ఆరుగంటలకోసారి పై గాలి ఎలా ఉందో కొత్త పటం వస్తుంది. దాన్ని బట్టే కడతాం."

అక్క భూగోళాన్ని పక్కన పెట్టింది. "అయితే నేనెక్కే విమానం లెక్క నువ్వే కట్టు. ఇంకెవరో కడితే ఎక్కను."

అది అలా అడగాల్సిన విషయం కాదని అతను చెప్పబోయాడు. లోపలి నుంచి అతని భార్య కేకేసింది. "ఒప్పేసుకోండి! లేకపోతే వదిన రేపే పెట్టె విప్పేస్తుంది." సరేనన్నాడు. ఆ రోజు డ్యూటీ ఉన్నవాళ్ళను బతిమాలి మార్పించుకున్నాడు కూడా.

ఆ రోజు తెల్లవారి ఐదున్నరకే అతను కుర్చీలో ఉన్నాడు. విమానం ఎనిమిదీ పదికి బయలుదేరాలి. అక్క పేరు ప్రయాణికుల జాబితాలో చూసుకుని, కిటికీ పక్క సీటు కాదని రూఢి చేసుకుని, లెక్క మొదలుపెట్టాడు. దారి గీశాడు. ఎత్తులు పెట్టాడు. అప్పటికి చేతిలో ఉన్న గాలి పటం వేసి చూస్తే పదమూడు గంటల నలభై నిమిషాలే వచ్చింది. నవ్వుకున్నాడు. మొత్తం తొంభై ఆరు టన్నుల ఇంధనం. దారికి ఎనభై ఆరు, అనుకోని తేడాలకు నాలుగు, చేరిన చోట దిగడం కుదరకపోతే పక్క ఊరికి పోవడానికి మూడున్నర, ఇంకేమీ మిగలనప్పుడు అరగంట తిరగడానికి రెండున్నర. ఇక ఆరూ నలభైకి కొత్త గాలి పటం వస్తుంది. వాళ్ళ సంస్థలో పాత రకం ప్రోగ్రాం, తనంతట తాను కొత్త గాలిని తీసుకోదు. పాతది తీసి కొత్తది ఎక్కించి, లెక్క ఇంకోసారి తిప్పితే చాలు, ఐదు నిమిషాల పని.

ఆరూ ముప్పై ఐదుకు ఫోన్ మోగింది.

"చిన్నా, నేను ఇంటికెళ్ళిపోతున్నాను." అక్క గొంతులో ఏడుపు.

"ఎక్కడున్నావ్?"

"లోపలే. పెట్టె వాళ్ళకిచ్చేశాను. అది పోతే పోనీ, నేను మాత్రం రాను."

అతను మెడలో గుర్తింపు కార్డు వేసుకుని, మెట్లు దిగి, పొడవాటి నడవలో దాదాపు పరుగెత్తుకుంటూ వెళ్ళాడు. అక్క వరస చివరి కుర్చీలో, చేతిసంచిని గుండెకు హత్తుకుని కూర్చుంది. అద్దాల అవతల విమానం తోక కనిపిస్తోంది. దానివైపు వీపు పెట్టి కూర్చుంది.

"కాళ్ళు రావట్లేదురా."

అతను ఎదురుగా గొంతుకూర్చున్నాడు. "అక్కా, ఇటు చూడు. లెక్క నేనే కట్టాను. నా మీద నమ్మకముందా లేదా?"

"నీ మీద ఉంది. ఆ రేకుడబ్బా మీద లేదు."

"నన్ను నమ్మితే దాన్నీ నమ్మినట్టే. పదమూడు గంటల నలభై నిమిషాలు. తింటావు, ఓ కునుకు తీస్తావు, దిగుతావు."

"ఒట్టేనా?"

"ఒట్టు."

ఆమె లేచి నిలబడేదాకా అరగంట పట్టింది. అతను మళ్ళీ మూడంతస్తులు ఎక్కి వచ్చేసరికి ఏడుంపావు దాటింది. టేబుల్ మీద ఫోన్ మోగుతూనే ఉంది. అవతల కెప్టెన్. "కాగితం ఇంకా రాలేదండీ, ఇంధనం పోసేవాళ్ళు కాచుకుని ఉన్నారు." అతను తెర వంక చూశాడు. పదమూడూ నలభై, తొంభై ఆరు. అన్నీ తను చూసుకున్నవే. సంతకం పెట్టి పంపేశాడు.

ఎనిమిదీ పన్నెండుకు విమానం నేల విడిచింది. దారిలో కొన్ని గుర్తుల దగ్గర విమానం తన సమయం, మిగిలిన ఇంధనం ఎంతో దానంతటదే పంపుతూ ఉంటుంది. మొదటి గుర్తు నిమిషం తేడా లేకుండా దాటింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. అతను మిగతా విమానాల పని చూసుకుంటూ, మధ్యాహ్నం డబ్బా విప్పుకుని తృప్తిగా తిన్నాడు. భార్యకు ఫోన్ చేసి, "నీ వదిన ఈ పాటికి గుర్రు పెడుతూ ఉంటుంది" అన్నాడు.

ఒంటిగంటా పదికి నాలుగో గుర్తు కబురొచ్చింది. ఏడు నిమిషాలు ఆలస్యం. ఏడువందల కిలోల ఇంధనం తక్కువ.

ఏడు నిమిషాలు పెద్ద విషయం కాదు. అయినా ఎందుకో అతని చూపు లెక్క కాగితం పై మూలకు పోయింది. అక్కడ చిన్న అక్షరాల్లో గాలి పటం తేదీ, సమయం ఉంటాయి. అర్ధరాత్రి పన్నెండూ నలభై. తెల్లవారి ఆరూ నలభైది కాదు.

అతను మళ్ళీ చదివాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. అక్షరాలు మారలేదు. అక్క ముందు గొంతుకూర్చుని ఒట్టు పెడుతున్న ఆ అరగంటలో కొత్త గాలి వచ్చి, ఎవరూ తీసుకోక, అలాగే ఓ పక్కన పడి ఉంది.

అప్పుడు దాన్ని ఎక్కించాడు. తెర మీద పటం రంగు మారింది. రాత్రికీ పొద్దుటికీ మధ్య పైగాలి ప్రవాహం దక్షిణానికి జరిగి సరిగ్గా విమానం దారి మీదే పడుకుంది. గంటకు యాభై కిలోమీటర్లు ఉండాల్సిన ఎదురుగాలి దగ్గర దగ్గర రెండువందలు. ఒక్కచోట కాదు, ఐదువేల కిలోమీటర్ల పొడవునా. ఇందాక ఏడు నిమిషాలు తిన్నది దాని మొదటి అంచు మాత్రమే.

కంప్యూటర్ని నమ్మలేక కాగితం వెనక చేత్తో కట్టాడు. మొత్తం మీద ఇంకో గంటా పావు ఎక్కువ పడుతుంది. దానికి ఏడు టన్నులు. అనుకోని తేడాలకుంచిన నాలుగూ పోతాయి, పక్క ఊరికుంచిన మూడున్నరలో మూడు పోతాయి. అవతలి ఒడ్డు చేరేసరికి మిగిలేది కాస్త ఎక్కువో తక్కువో అరగంట. ఆ అరగంటలో అక్కడ దిగడానికి కుదరకపోతే ఇంకెక్కడికీ పోయే వీలుండదు. అక్కడ వాతావరణం ఎలా ఉంటుందో చూశాడు. విమానం చేరే వేళకు పొగమంచు.

మళ్ళీ కట్టాడు. మూడోసారి కట్టాడు. లెక్కలో తప్పు దొరికితే బాగుండునని ఇరవై రెండేళ్ళలో మొదటిసారి కోరుకున్నాడు.

లేచి బాత్రూంలోకి వెళ్ళి తలుపు గడియ పెట్టుకున్నాడు. మొహం మీద నీళ్ళు కొట్టుకున్నాడు. అద్దంలో మనిషి తనలా లేడు. బుర్రలో ఆలోచనలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. గాలి మారిందంటే సరిపోతుంది కదా. గాలి మారడం ఎవరి తప్పు? కాగితం మూలన ఉన్న ఆ చిన్న అక్షరాలు ఎవరు చూస్తారు? కెప్టెన్ కూడా గుడ్డివాడు కాదు, ఎదుట గడియారం ఉంది, ఇంధనం ముల్లు ఉంది, అతనే చూసుకుంటాడు, అతనే ఏదో ఒకటి చేస్తాడు.

కానీ కెప్టెన్ ముందున్న కాగితంలో ఏం రాసుందో కొలబద్దకు బాగా తెలుసు. తీరం దాటాక గాలి తగ్గుతుందని రాసుంది. కెప్టెన్ ఆ కాగితాన్ని చూసి, కాస్త ఓపిక పడితే సర్దుకుంటుందనుకుంటాడు. మూడూ పదికి తీరం వస్తుంది. ఆ తర్వాత ఆరేడు గంటలు నీళ్ళే. మధ్యలో దిగడానికి అరచేయంత నేల లేదు. గాలి తగ్గుతుందన్న ఆ మాట రాసినవాడు తను.

తిన్నదంతా కక్కేశాడు. బయటికొచ్చేసరికి గోడ గడియారం ఒంటిగంటా యాభై చూపిస్తోంది.

షిఫ్ట్ ఇన్‌ఛార్జి మేడం గది చివర గాజు తలుపుల వెనక ఉంటుంది. పదేళ్ళ కిందట ఈ పని ఆమెకు నేర్పింది అతనే. ఇప్పుడు అతని పై అధికారి అయినా 'సార్' అనడం మానలేదు. ఆమె ముందు నిలబడాలంటే అతనికి ఇంకెవరి ముందు నిలబడటం కన్నా ఎక్కువ సిగ్గేసింది. తలుపు తోశాడు.

"ఏంటి సార్, మొహం అలా ఉందేంటి? ఒంట్లో బాలేదా?"

"పొద్దుటి దూరం విమానం..." ఇంకోసారి మొదలుపెట్టాడు. "పొద్దున నేను పాత గాలి మీద సంతకం పెట్టాను. కొత్తది ఎక్కించలేదు."

ఆమె చేతిలో కలం ఆగింది. "ఎంత తేడా?"

"ఏడు టన్నులు."

"ఏడా?"

"మూడుసార్లు కట్టాను."

ఆమె ఎందుకు, ఎలా అని అడగలేదు. కాగితం లాక్కుని, పెదాలు కదుపుతూ అంకెలు చూసింది. అవతలి ఊరి వాతావరణం చూసింది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

"కెప్టెన్‌కి చెప్పారా?"

"లేదు."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"ఒంటిగంటా పదికి."

ఆమె గడియారం వంక చూసింది. నలభై నిమిషాలు.

ఆమె ఉపగ్రహ ఫోన్ తీసి నంబరు కొట్టింది. కరకరమనే శబ్దం, తర్వాత నిశ్శబ్దం. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే. "ఆ మూలన సిగ్నల్ చచ్చుగా ఉంటుంది" అని గొణుక్కుంటూ తెర మీద సందేశం టైపు చేయబోయి, కుర్చీ అతని వైపు తిప్పింది. "మీరే రాయండి సార్. వేళ్ళు వణికితే వణకనీండి. అంకెలు మాత్రం తప్పొద్దు."

అతను రాశాడు. లెక్క పాత గాలి మీద కట్టింది, ఇది కొత్త గాలి, ఇంత ఇంధనం తక్కువ పడుతుంది, సముద్రం మీదికి వెళ్ళొద్దు. రెండూ ఐదుకు పంపాడు.

జవాబు రాలేదు.

రెండూ పదికి రాలేదు. రెండుంపావుకి రాలేదు. పటం మీద చిన్న విమానం గుర్తు నీలం రంగు వైపు జరుగుతోంది. ఆ గుర్తు లోపల ఎక్కడో, కిటికీకి దూరంగా, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని అక్క కూర్చుని ఉంది. రెండువందల అరవై మందికీ తలా ఓ ఇల్లుంటుంది, తలా ఓ తమ్ముడో అన్నో ఉంటాడు. అతనికి మాత్రం అక్క చేతులే కనిపిస్తున్నాయి. సూది గుచ్చుకుని గుచ్చుకుని గరుకుబారిన బొటనవేలు కనిపిస్తోంది. మేడం మూడోసారి, నాలుగోసారి ఫోన్ కొట్టింది. గదిలో మిగతావాళ్ళు విషయం పసిగట్టి మాటలు ఆపేశారు. కిటికీ సందులోంచి గాలి ఈల వేస్తోంది. ఆ చప్పుడు వినలేక అతను లేచి, సందులో మడిచిన కాగితం కుక్కి వచ్చి కూర్చున్నాడు.

రెండూ ఇరవై మూడుకు తెర మీద పచ్చ గీత వెలిగింది.

"అందింది. మాకూ అనుమానంగానే ఉంది, కానీ ముందు తగ్గుతుందని కాగితంలో ఉంటే చూద్దామనుకున్నాం. సముద్రం మీదికి వెళ్ళడం లేదు. తీరంలో దిగి ఇంధనం పోయించుకుంటాం."

మేడం పొడుగ్గా ఊపిరి వదిలింది. అతను పటం మీంచి చూపు తిప్పలేదు. దిగడం అంత సులువు కాదని అతనికి తెలుసు. విమానంలో ఇంకా యాభై టన్నుల దాకా ఇంధనముంది. అంత బరువుతో చక్రాలు నేలకు తగిలితే తట్టుకోవు. అవతలి ఒడ్డు చేరడానికి చాలని ఇంధనమే, దిగడానికి ఎక్కువైంది. ఒడ్డుకు దూరంగా చక్కర్లు కొడుతూ, రెక్కల చివర్ల నుంచి ముప్పై టన్నుల్ని గాల్లో వదిలెయ్యాలి. విధానం ఉన్నదే, చేసేవాళ్ళు చేస్తూనే ఉంటారు. కానీ పొద్దున తన చేత్తో రాసి పోయించిన ఇంధనం అలా గాల్లో చెదిరిపోతుంటే, పటం మీద ఆ గుర్తు గుండ్రంగా తిరుగుతుంటే, అతను రెండు చేతులతో కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాడు.

మూడూ నలభైకి విమానం దిగడానికి వంగింది. ఎత్తు అంకెలు తగ్గుతున్నాయి. వెయ్యి మీటర్లు. ఆరువందలు. మూడువందలు. రెండువందలు. ఉన్నట్టుండి మూడువందలు. ఐదువందలు. వెయ్యి.

"పైకి లేచింది!" అని ఎవరో అరిచారు.

"పక్కగాలి ఎక్కువగా ఉందట. మళ్ళీ తిరిగొస్తారు" అంది మేడం. గొంతు మామూలుగానే ఉంది గానీ, అతని భుజం మీద పడిన ఆమె చెయ్యి మంచుముక్కలా ఉంది.

రెండోసారి అతను అంకెలు చూడలేకపోయాడు. నేల వంక చూస్తూ కూర్చున్నాడు. బండ మీద ఓ చీమ ఏదో మోసుకుంటూ పోతోంది. అది కుర్చీ కాలు దాకా వెళ్ళేసరికి గదిలో ఒక్కసారిగా గోల లేచింది. ఎవరో చప్పట్లు కొట్టారు. దిగింది. మూడూ యాభై ఎనిమిది.

అతను లేచి, కిటికీ సందులో కుక్కిన కాగితం తీసేశాడు.

నాలుగుంపావుకు అతని ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఎవరో తోటి ప్రయాణికుడి ఫోన్ అడిగి తీసుకున్నట్టుంది. అటునుంచి అక్క.

"ఒరేయ్ చిన్నా! పదమూడు గంటలన్నావు, ఎనిమిది గంటలకే దింపేశారే! అబ్బ, ఆఖర్న ప్రాణాలు పోయాయనుకోరా. అవతలి కిటికీలో చూస్తే రెక్కలోంచి తెల్లగా పొగ. నా పక్కాయన చెయ్యి పట్టుకుని వదిలితే ఒట్టు, పాపం ఆయన చెయ్యి వాచిపోయుంటుంది. అయినా పర్లేదు, వచ్చేశాం కదా. ముందు నీకే చెప్దామని చేశాను."

విమానంలో వాళ్ళ భాషలో చెప్పిన ప్రకటన ఆమెకు అర్థం కాలేదన్నమాట. అతను మేడం వంక చూశాడు. ఆమె తలూపి, కుర్చీ అటు తిప్పుకుంది.

"అక్కా, అది నువ్వు వెళ్ళాల్సిన ఊరు కాదు."

"అంటే?"

"సగం దారిలో ఆగారు. ఇంధనం చాలదని. మళ్ళీ పోసుకుని బయలుదేరతారు."

"చాలకపోవడమేంట్రా? లెక్క నువ్వే కదా కట్టింది?"

"నేనే కట్టాను. తప్పు కట్టాను. పొద్దున నీ దగ్గరికి వచ్చినప్పుడు కొత్త గాలి వచ్చింది. తిరిగెళ్ళి చూసుకోకుండా సంతకం పెట్టాను. మధ్యాహ్నం తెలిసి కెప్టెన్‌కి కబురు పెట్టాను."

అక్క వెనక ఎవరో పిల్ల ఏడుపు, చక్రాల పెట్టెల చప్పుడు.

"ఆ తెల్లగా పోయింది పొగ కాదా?" అక్క అడిగింది.

"ఇంధనం. దిగడానికి బరువెక్కువైందని వదిలేశారు."

"నువ్వు చెప్పకపోయుంటే?"

అబద్ధం చెప్పాలని లేదు, నిజం చెప్పే ధైర్యమూ లేదు. "ఈపాటికి సముద్రం మీద ఉండేవాళ్ళు" అన్నాడు.

"విమానంలో అందరికీ చెప్పాను రా. ఈ విమానం లెక్కంతా మా తమ్ముడిదేనని. ఇప్పుడు వాళ్ళ మొహాలెలా చూడను?"

"అక్కా..."

"ఇప్పుడు ఈ రెండో కాగితం ఎవరు రాస్తున్నారు?"

"మా మేడం."

"ఆవిడ తాలూకు వాళ్ళెవరూ ఈ విమానంలో లేరు కదా?"

"లేరు."

"అయితే ఎక్కుతాను" అని ఫోన్ పెట్టేసింది.

నాలుగు గంటలు అక్కడే కూర్చోబెట్టి, విమానాన్ని మళ్ళీ పంపారు. రెండువందల అరవై మందీ విసుక్కుంటూ, కొందరు తిట్టుకుంటూ, క్షేమంగా అవతలి ఒడ్డున దిగారు. అక్కడ పొగమంచు వాళ్ళు చేరేసరికి విడిపోయింది.

తర్వాత విచారణ జరిగింది. పొడవాటి బల్ల, అవతల ముగ్గురు, ఇవతల అతనొక్కడు. పాత గాలి మాట వాళ్ళు అడగకముందే చెప్పాడు. ఎవరికీ చెప్పకుండా గడిపిన నలభై నిమిషాల మాట కూడా చెప్పాడు. అది చెప్పక్కర్లేదని మేడం ముందే అంది, అయినా చెప్పాడు. ముగ్గురిలో ఓ ముసలి అధికారి కళ్ళజోడు పైనుంచి చూస్తూ, "ఆ నలభై నిమిషాలూ ఏం చేశారు?" అని అడిగాడు. "భయపడ్డాను" అన్నాడు కొలబద్ద. ఆయన అదే మాట రాసుకున్నాడు. ఐదు నెలలు అతన్ని లెక్కల బల్ల నుంచి తప్పించి, పాత కాగితాలు భద్రపరిచే గదిలో వేశారు. ప్రోగ్రాం మార్పించారు. పాత గాలి మీద సంతకం పెడితే ఇప్పుడు అది ఒప్పుకోదు.

అక్క మూడు వారాలు అతని ఫోన్ ఎత్తలేదు. అతని భార్యతో మాత్రం రోజూ మాట్లాడేది. పిల్లలకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదని, చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయని, అన్నీ చెప్పేది. తమ్ముడి మాట ఎత్తేది కాదు. ఓ సాయంత్రం ఉన్నట్టుండి అతనికే చేసింది.

"నా కోపం దేనికో తెలుసా?" అంది పలకరింపు కూడా లేకుండా. "నువ్వు తప్పు చేసినందుక్కాదు. కుట్టేదాన్ని, కుట్లు తప్పవా నాకు? అక్కడ రెక్కలోంచి అలా తెల్లగా కారుతుంటే, ఇక అయిపోయిందనుకున్నాను. అమ్మ గుర్తు రాలేదు, నాన్న గుర్తు రాలేదు. నువ్వు భోజనం చేశావో లేదో అనుకున్నాను. చచ్చిపోతూ కూడా నీ గోలేనా అని ఒళ్ళు మండిపోయింది."

అతను ఏడ్చాడు. "ఏడవకు, ఫోన్ బిల్లు నాది" అందామె.

మూడు నెలలు అనుకున్నది నాలుగయ్యాక అక్క తిరిగొచ్చింది. పన్నెండు గంటల పది నిమిషాలు పట్టింది. ఎవరు లెక్క కట్టారని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. ఆ పన్నెండు గంటలూ అతను ఇంట్లో ఓ గదిలోంచి ఇంకో గదిలోకి నడుస్తూనే ఉన్నాడని అతని భార్య తర్వాత చెప్పింది.

ఆ తర్వాత నెలకు అతన్ని మళ్ళీ లెక్కల బల్ల ముందు కూర్చోబెట్టారు. మొదటి రోజే దూరపు విమానం వచ్చిపడింది. దారి గీశాడు, ఎత్తులు పెట్టాడు, గాలి చూశాడు. గాలి పటం తేదీ పైకి చదివాడు. పక్క బల్ల దగ్గర కూర్చునే ఆమెను పిలిచి ఆమె చేతా చదివించాడు. కలం అంటుకుపోయినట్టు చాలాసేపు చేతిలోనే ఉండిపోయింది. చివరికి సంతకం పెట్టాడు. విమానం వెళ్ళిపోయింది. మొదటి గుర్తు, రెండో గుర్తు, మూడో గుర్తు. ప్రతి కబురునీ కాగితంతో సరిపోల్చి చూసుకున్నాడు.

సాయంత్రం ఐదింటికి మేడం బ్యాగు భుజానికి తగిలించుకుని వచ్చింది.

"డ్యూటీ ఎప్పుడో అయిపోయింది సార్. ఇంటికెళ్ళండి. అంతా బాగానే పోతోంది కదా."

"ఇంకాసేపు ఉంటాను."

"అది దిగేసరికి రాత్రవుతుంది."

"తెలుసు. సముద్రం మీదికి వెళ్ళేదాకా ఉంటాను."

ఆమె బ్యాగు బల్ల కింద పెట్టి, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.